సగటు తీయడం ఆపండి, ముందు రెఫరెన్స్ కొలవండి

వంద రీడింగుల సగటు తీసినా ఆర్డుయినో యూనో (ప్రోగ్రాము రాసి వాడుకునే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) చూపే వోల్టేజీ మల్టీమీటరుతో కలవడం లేదు, ఎలా క్యాలిబ్రేట్ చేయాలి అని అడిగారు. సగటు వల్ల ఊగిసలాడే అంకె కుదురుకుంటుంది, అంతే. అంకె తప్పయితే ఆ తప్పే కుదురుగా కనిపిస్తుంది. నన్నడిగితే ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఒక్కటే, రెఫరెన్స్ వోల్టేజీ. అంటే కొలిచే వోల్టేజీని బోర్డు మీది చిప్ దేనితో పోలుస్తుందో ఆ వోల్టేజీ; మామూలుగా అది బోర్డు మీది 5 వోల్టుల సరఫరానే.

ఒక స్నేహితుడు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీకి మానిటర్ తయారు చేశాడు. 30 కిలోఓమ్, 10 కిలోఓమ్ రెసిస్టర్లతో డివైడర్ (వోల్టేజీని చిప్ కొలవగలిగేంతకు తగ్గించే జత), ఒక చిన్న డిస్‌ప్లే. బోర్డును ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే 13.2 వోల్టులు, ఫోను చార్జరుకు తగిలిస్తే 12.15. మొదటి అంకెను నమ్మితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, రెండోదాన్ని నమ్మితే సగం అయిపోయినట్టు. అతను బ్యాటరీనే అనుమానించి కొత్తది కొనడానికి సిద్ధమయ్యాడు. మీటరు పెడితే బ్యాటరీ రెండుసార్లూ 12.4 దగ్గర కదలకుండా ఉంది. అప్పుడు బోర్డు మీది 5 వోల్టుల పిన్ కొలిచాం. ల్యాప్‌టాప్‌తో 4.7, చార్జరుతో 5.1. ప్రోగ్రాములో మాత్రం 5.0 అని రాసి ఉంది! పిన్‌కు వచ్చిన వోల్టేజీ రెఫరెన్సులో ఎన్నో వంతు ఉందన్నదే చిప్ చెబుతుంది. దాన్ని వోల్టుల్లోకి మార్చేది మనం రాసిన ఆ 5.0.

పాఠాలు రాసేవాళ్లు చాలామంది ఆ 5.0ను కళ్లు మూసుకుని ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాస్తారు. పైగా చిప్ ఇచ్చే అంకెను 1023తో భాగించాలా 1024తోనా అని పేజీలకు పేజీలు వాదిస్తారు. ఆ తేడా 0.1 శాతం. సరఫరా 6 శాతం తప్పుతుంటే దాని గురించి మాటే ఉండదు. ఇక ఒక్కో మెట్టే దాదాపు 5 మిల్లీవోల్టులున్న 10 బిట్ల (1024 మెట్ల) కొలతను నాలుగు దశాంశ స్థానాలతో చూపించేవాళ్లకు ఏం చెప్పాలి?

మీరు చేయాల్సింది ఇది. చిప్‌లో ఉన్న 1.1 వోల్టుల ఇంటర్నల్ రెఫరెన్సుకు మారండి. అది పేరుకే 1.1; చిప్‌ను బట్టి 1.0 నుంచి 1.2 వరకు ఎంతైనా ఉండవచ్చు. కానీ ఒక చిప్‌లో ఎంతుందో దాదాపు అంతే ఉంటుంది, సరఫరా మారినా పెద్దగా కదలదు. కాబట్టి ఏరెఫ్ (AREF, రెఫరెన్స్ వోల్టేజీ బయటికి కనిపించే) పిన్ దగ్గర మీటరుతో కొలిచి, వచ్చిన అంకెనే ప్రోగ్రాములో రాయండి. రెఫరెన్స్ మార్చాక మొదటి కొన్ని రీడింగులు పారేయండి. పిన్‌కు వచ్చేది ఈ రెఫరెన్సును దాటకూడదు కాబట్టి డివైడరు కూడా మారాలి: 150 కిలోఓమ్, 10 కిలోఓమ్ పెడితే 15 వోల్టులు కూడా 0.94కు దిగుతాయి. విలువలు ఇంకా పెంచకండి, పిన్ వైపు నుంచి చూస్తే రెండు రెసిస్టర్లూ కలిసి ఇచ్చే నిరోధం 10 కిలోఓమ్‌లు దాటితే రీడింగ్ మళ్లీ తప్పవచ్చు.

రెసిస్టర్లను విడివిడిగా కొలుస్తూ కూర్చోవద్దు. డివైడరు ముందు 11 వోల్టులు ఒకసారి, 14 వోల్టులు ఒకసారి ఇచ్చి, రెండుచోట్లా మీటరు రీడింగును, చిప్ ఇచ్చిన అంకెను రాసుకోండి. ఆ రెండు బిందువుల గుండా గీసిన సరళరేఖలో రెసిస్టర్ల తేడా, ఆఫ్‌సెట్ (ప్రతి రీడింగులోనూ ఒకేలా ఉండే తేడా) అన్నీ కలిసిపోతాయి. చిప్ అంకెను ఆ రేఖ ప్రకారమే వోల్టుల్లోకి మార్చండి. సగటు ఇప్పుడు తీసుకోండి, కాదనను.

అన్నట్టు, మీటరులో బ్యాటరీ తగ్గిన గుర్తు వెలుగుతుంటే ముందు దాన్ని మార్చండి. బ్యాటరీ నీరసించిన చవక మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి.