క్వాంటమ్ రీసెర్చ్‌కు 85 వేల సర్టిఫికెట్ కోర్సు కట్టాలా?

ప్రశ్న: మాది దేవరకొండ. మా పాప నల్గొండలో మాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్‌తో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. క్వాంటమ్ కంప్యూటింగ్‌లో పరిశోధన చేస్తానంటోంది. హైదరాబాద్‌లో ఒకచోట ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సుకు 85 వేలు అడిగారు. చుట్టాలేమో బీఈడీ చేయించి టీచర్ ఉద్యోగం చూడమంటున్నారు. డబ్బు కట్టమంటారా? ఈ చదువుకు ఎన్నేళ్లు పడుతుంది?

జవాబు: కట్టకండి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఆ సర్టిఫికెట్‌ను ఎవరూ పట్టించుకోరు. బోర్డు మీద ఒక మాత్రిక రాసి, దాని ఐగెన్ విలువలు (ఆ మాత్రికకు ఉండే ప్రత్యేక సంఖ్యలు) కనుక్కోమంటారు. పాపకు ఇప్పుడు కావాల్సింది క్వాంటమ్ కోర్సు కాదు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, డిగ్రీ ఫిజిక్స్ గట్టిగా రావాలి. క్వాంటమ్ సమాచారం మీద ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పిన పాఠాలు ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్ ఎన్‌పీటెల్‌లో ఉచితంగానే ఉన్నాయి, పరీక్ష రాస్తేనే ఫీజు.

అసలు ఈ సబ్జెక్టు తనకు పడుతుందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. హడమార్డ్ గేట్ అని ఒకటుంది. క్యూబిట్ అంటే క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారపు అతి చిన్న ముక్క, గేట్ అంటే దాని స్థితిని మార్చే ఒక అడుగు. రెండు వరసల మాత్రిక: పై వరసలో 1, 1, కింది వరసలో 1, −1, మొత్తాన్ని రూట్ 2తో భాగించాలి. 0 స్థితిలో ఉన్న క్యూబిట్ మీద దీన్ని ఒకసారి వేసి కొలిస్తే 0, 1 సగం సగం వస్తాయి. ఇంతవరకు బొమ్మాబొరుసే. ఇప్పుడు కొలవకుండా రెండోసారి వేయమనండి. నాణేన్ని ఎన్నిసార్లు ఎగరేసినా సగం సగమే కదా, ఇక్కడ మాత్రం కచ్చితంగా 0 వస్తుంది. 1కి చేరే దారులు రెండు. ఒకదాని విలువ +½, ఇంకోదానిది −½, రెండూ కొట్టేసుకుపోతాయి. ఆ మైనస్ గుర్తు చేసిన పనేమిటో పాప కాగితం మీద కట్టి మీకు తెలుగులో చెప్పగలిగితే చాలు, మీడియం గురించి దిగులు పడనక్కర్లేదు. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం రోజుకు రెండు పేజీలు చదివి, ప్రతి లెక్కా నోట్స్‌లో తిరిగి కడితే ఏడాదికి భాష దానంతటదే దారికొస్తుంది.

ఇదే లెక్కను కిస్కిట్‌లో (ఐబీఎం క్వాంటమ్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) రాసి, ఐబీఎం ఉచిత ఖాతాతో నిజమైన క్వాంటమ్ యంత్రం మీద నడపొచ్చు. చాలామంది పిల్లలు ఇక్కడే పొరబడతారు. రెండు హడమార్డ్‌లు పక్కపక్కనే ఉంటే, అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయని సాఫ్ట్‌వేర్ ముందే గుర్తించి తీసేస్తుంది. యంత్రం ఏ గేటూ వేయకుండానే ఫలితం ఇస్తుంది. మధ్యలో బ్యారియర్ (రెంటినీ కలిపి చూడొద్దని సాఫ్ట్‌వేర్‌కు చెప్పే గుర్తు) పెడితేనే రెండు గేట్లూ నిజంగా పడతాయి. అప్పుడు వెయ్యిసార్లు నడిపితే కొన్ని 1లు కూడా కనబడతాయి. అవి ఎక్కువగా కొలతలో వచ్చే తప్పులు. ఈ చిన్న తేడా ఎందుకొచ్చిందని తవ్వడం మొదలుపెడితే, పాప అప్పటికే పరిశోధన పనిలో అడుగుపెట్టినట్టు.

ఇక దారి. డిగ్రీ చివరి ఏడాదిలో ఫిబ్రవరిలో జరిగే జామ్ (ఎంఎస్సీ ప్రవేశ పరీక్ష) ఫిజిక్స్ పేపర్ రాయాలి. దరఖాస్తులు సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఉంటాయి. కాలేజీ సెమిస్టర్ల హడావిడిలో ఆ తేదీ దాటిపోయి ఏడాది పోగొట్టుకునేవాళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. ఒకే జవాబుండే ప్రశ్నల్లో తప్పు రాస్తే మూడో వంతు మార్కు పోతుంది. ఒకటికి మించి జవాబులుండేవాటిలో, అంకె వేయాల్సినవాటిలో నెగెటివ్ లేదు. అయితే ఒకటికి మించి జవాబులుండేవాటిలో అన్ని సరైన జవాబులూ గుర్తిస్తేనే మార్కు. సొంత కాలిక్యులేటర్ తీసుకుపోనివ్వరు, స్క్రీన్ మీదున్నదాన్నే మౌస్‌తో నొక్కాలి. అది టైమ్ తింటుంది, ముందే అలవాటు చేసుకోవాలి. ఈ ర్యాంకుతో ఐఐటీల్లో ఎంఎస్సీ, బెంగళూరు ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ, ఎన్‌ఐటీల్లో ఎంఎస్సీ సీట్లు వస్తాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఉస్మానియాకు సీపీగెట్ వేరుగా రాయాలి. ఎంఎస్సీ ఎక్కడ చేసినా ఆ తర్వాత నెట్, జెస్ట్, గేట్, టీఐఎఫ్‌ఆర్ (ముంబైలోని పరిశోధన సంస్థ) పరీక్షలతో పీహెచ్‌డీకి పోవచ్చు.

ఎంఎస్సీ మొదటి ఏడాదిలోపు ఒక విషయం తేల్చుకోవాలి: థియరీనా, ప్రయోగమా? థియరీకి ప్రయాగ్‌రాజ్‌లోని హరీశ్‌చంద్ర రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, చెన్నైలోని గణిత శాస్త్రాల సంస్థ ఐఎంఎస్‌సీ పేరున్న చోట్లు. దగ్గర్లో కావాలంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోనూ ఈ పరిశోధన జరుగుతోంది. ప్రయోగాల్లో సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లకు (నిరోధం లేకుండా కరెంటు పారే సర్క్యూట్లతో చేసేవి) ముంబై టీఐఎఫ్‌ఆర్, కాంతి కణాలతో పనికి బెంగళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్ చూడండి. థియరీలో పోటీ ఎక్కువ, పోస్టులు తక్కువ. ప్రయోగశాలలో పెరిగినవాళ్లకు లేజర్లు, మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్స్, వాక్యూమ్ పంపులు చేతికి వస్తాయి కాబట్టి ప్రొఫెసర్ పోస్టు రాకపోయినా కంపెనీలు తీసుకుంటాయి. చేతిపని ఇష్టమున్న పిల్లయితే నేను ప్రయోగం వైపే మొగ్గుతాను. 2023 ఏప్రిల్‌లో కేంద్రం 6,003 కోట్లకు పైగా ఖర్చుతో జాతీయ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2030-31 దాకా నడుస్తుంది. పాప పీహెచ్‌డీ అయ్యేసరికి ఆ గడువు ముగుస్తుంది కనుక దాన్ని చూసి ఉద్యోగం ఖాయమనుకోవద్దు.

ఏళ్ల లెక్క ఇది: ఎంఎస్సీకి రెండు, పీహెచ్‌డీకి ఐదారు, పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) రెండు నుంచి నాలుగు. అంటే స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటుతుంది. కాని అంతకాలమూ మీరు పోషించాల్సిన పని లేదు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, ఇంటి అద్దె అలవెన్సు వేరు. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలవుతుంది. పెళ్లి సంగతి మీరు అడగలేదు గాని మనసులో ఉంటుంది. పీహెచ్‌డీ నడుస్తుండగా పెళ్లి చేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఊరు మారాల్సి వస్తుందన్నది మాత్రం అవతలివాళ్లకు ముందే చెప్పాలి.

పీహెచ్‌డీ గైడ్‌ను ఎంచుకునేటప్పుడు సంస్థ పేరు రెండో విషయం. ఆయన దగ్గర చేరిన విద్యార్థులు ఎన్నేళ్లలో బయటపడ్డారు, ఎక్కడికి వెళ్లారు, ఈ రెండేళ్లలో ఆర్కైవ్‌లో (పరిశోధన పత్రాలు ఉచితంగా పెట్టే వెబ్‌సైట్) ఏం పెట్టారు అని చూడాలి. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు డిగ్రీలోనే దరఖాస్తు చేస్తే రెండు నెలలు ఒక ల్యాబ్‌లో ఉండి ఇవన్నీ కళ్లారా చూడొచ్చు. ప్రొఫెసర్‌కు విడిగా రాస్తే ఆయన పేపర్ ఒకటి చదివి, అందులో అర్థంకాని ఒక అడుగు గురించి అడగాలి. యాభైమందికి ఒకే ఉత్తరం పంపితే ఒక్కరూ జవాబివ్వరు.

బీఈడీ ఎక్కడికీ పోదు, ఎంఎస్సీ తర్వాతా చేయొచ్చు. పైగా నెట్ పాసైతే డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టులకూ అర్హత వస్తుంది.

ఆ 85 వేలలో సగం పెట్టి ఒక ల్యాప్‌టాప్ కొనివ్వండి. 8 జీబీ ర్యామ్ చాలు. ల్యాప్‌టాప్‌లోనే క్యూబిట్లను అనుకరించి లెక్క కట్టొచ్చు, క్యూబిట్ ఒకటి పెరిగిన ప్రతిసారీ దానికి కావాల్సిన మెమరీ రెట్టింపవుతుంది: 25 క్యూబిట్లకు అర జీబీ, 30కి 16 జీబీ. డిగ్రీ పిల్లకు పది క్యూబిట్లు దాటే అవసరమే రాదు.