బళ్ళో పేరు లేకపోయినా ఆర్కెస్ట్రాలో సీటు ఉంటుందా?

ప్రశ్న: గత డిసెంబరులో హైదరాబాద్ నుంచి సియాటిల్ దగ్గరికి వచ్చాం. బాబుకు అక్టోబరులో ఐదేళ్ళు నిండాయి. ఆగస్టు 31 కటాఫ్ దాటిందని పబ్లిక్ (ప్రభుత్వ) స్కూల్ కిండర్‌గార్టెన్‌లో తీసుకోలేదు, ప్రైవేటు బళ్ళో వేశాం. వాడికి మాట ఇంకా స్పష్టంగా రావడం లేదు. పాప ఎనిమిదో క్లాసు. మధ్యలో బడి మార్చడం ఇష్టం లేక ఇంట్లోనే చదివిస్తున్నాం. నాది హెచ్4 (డిపెండెంట్) వీసా, ఉద్యోగం లేదు కాబట్టి టైముంది. పాపకు పబ్లిక్ స్కూల్ ఆర్కెస్ట్రాలో, బాబుకు స్పీచ్ థెరపీలో అవకాశం ఉంటుందా? అడిగితే వీసాకు ఏమైనా ఇబ్బందా?

జవాబు: ఇద్దరికీ అవకాశం ఉందండీ. కాకపోతే ఇద్దరిదీ ఒకే దారి కాదు, విడివిడిగా చెబుతాను. వీసా సంగతి చివర్లో.

ముందు నా తెలివితక్కువతనం చెప్పనివ్వండి. మా అమ్మాయి ఆరో క్లాసులో ఉన్నప్పుడు చిన్న ప్రైవేటు బళ్ళో చదివేది. చదువు బాగానే ఉండేది కానీ సంగీతం అంటే వారానికొక పాట, అంతే. దానికి ఏడేళ్ళప్పటి నుంచీ కర్ణాటక వయొలిన్ నేర్పిస్తున్నాం. ఆర్కెస్ట్రాలో కూర్చోవాలని దానికి మహా ఆశ. మా వీధి చివరి మిడిల్ స్కూల్‌కి ఫోన్ చేశాను. ఆఫీసులో ఎత్తినావిడ "మీ అమ్మాయి మా స్టూడెంట్ కాదు కదా, కుదరదు" అంది. నేను థాంక్యూ చెప్పి పెట్టేశాను. ఇంకో మాట అడగాలని కూడా తోచలేదు. ఏడాది తర్వాత ఉగాది పాట్‌లక్‌లో ఒకావిడ, పులిహోర వడ్డించుకుంటూ, వాళ్ళబ్బాయిని ఇంట్లో చదివిస్తూనే రోజూ పొద్దున ఒక పీరియడ్ బ్యాండ్‌కి దించి వస్తున్నానని చెప్పింది. అదీ అదే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్ళను నడిపే సంస్థ)! ఆ రాత్రి కూర్చుని చట్టం చదివాను.

అప్పుడర్థమైంది, తప్పు ఆ ఫోనెత్తినావిడది మాత్రమే కాదని. మనం పెరిగిన చోట బడి అంటే పూర్తిగా లోపలన్నా ఉండాలి, పూర్తిగా బయటన్నా ఉండాలి. టీసీ చేతికొచ్చాక ఆ బడి గేటు దగ్గర మనకు పని లేదు. టెన్త్ ప్రైవేటుగా కట్టేవాడికి పరీక్ష రోజున సెంటర్‌లో బెంచీ ఇస్తారు తప్ప ల్యాబ్‌లోకి రానివ్వరు. ఆ లెక్క తలలో ఉంది కాబట్టి "కుదరదు" అనగానే నమ్మేశాను. వాషింగ్టన్ రాష్ట్రంలో లెక్క వేరు. ఇక్కడ చట్టంలోనే పార్ట్‌టైమ్ స్టూడెంట్ అనే మాట ఉంది. రాష్ట్ర చట్టాల సంపుటిలో దాని నంబరు రాసి పెట్టుకోండి: ఆర్‌సీడబ్ల్యూ 28ఏ.150.350. ప్రైవేటు బళ్ళో చదివేవాళ్ళూ, ఇంట్లో చదివేవాళ్ళూ తాము ఉండే డిస్ట్రిక్ట్‌లోని పబ్లిక్ స్కూల్‌కి కొన్ని క్లాసులకే వెళ్ళొచ్చని అందులో ఉంది. పిల్ల ఎన్ని గంటలు హాజరైతే ఆ మేరకు రాష్ట్రం డిస్ట్రిక్ట్‌కి డబ్బిస్తుంది. కాబట్టి మనం ఎవరినీ దయ చూపమని అడగడం లేదు.

చాలామంది మనవాళ్ళు కౌంటర్ దగ్గర "మేమూ ట్యాక్స్ కడుతున్నాం" అని మొదలుపెడతారు. ఆ వాదన వల్ల ఎదుటివాళ్ళ ముఖం బిగుసుకోవడం తప్ప ప్రయోజనం నేను చూడలేదు. "పార్ట్‌టైమ్ ఎన్‌రోల్‌మెంట్ ఫారం ఇస్తారా?" అని అడగండి. బడి ఆఫీసులో ఆ మాట తెలియదంటే డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఈమెయిల్ రాయండి. ఫోన్ వద్దు. ఫోన్‌లో విన్న "కుదరదు" ఎక్కడా మిగలదు. కాగితం మీద "కుదరదు" అని రాయాలంటే వాళ్ళే ఒకసారి రూలు తెరిచి చూస్తారు. రెండో ఏడాది నేను అలాగే రాశాను. నాలుగు రోజుల్లో ఫారం వచ్చింది, పక్కనే "సారీ ఫర్ ది కన్‌ఫ్యూజన్" అని ఒక ముక్క.

ప్రైవేటు బడికీ ఇంటి చదువుకూ ఒక తేడా ఉంది. ప్రైవేటు బడి పిల్లలు తమ బళ్ళో దొరకని కోర్సులకూ సర్వీసులకూ మాత్రమే రావచ్చు. "మా బళ్ళో ఇది లేదు" అని కాగితం ఇవ్వాలి. ఇంటి చదువు పిల్లలకు ఆ షరతు లేదు. మీ పాప కావాలంటే ఆర్కెస్ట్రాతో పాటు సైన్స్ ల్యాబ్ కూడా అడగొచ్చు.

కానీ పాప ముందు ఇంటి చదువు విద్యార్థిగా లెక్కలోకి రావాలి. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు ఇక్కడ బడి తప్పనిసరి. ఇంట్లో చదివిస్తున్నామని ఏటా డిస్ట్రిక్ట్‌కి డిక్లరేషన్ ఆఫ్ ఇంటెంట్ ఇవ్వాలి. గడువు సెప్టెంబరు 15. ఏడాది మధ్యలో మొదలుపెడితే కొత్త క్వార్టరో, ట్రైమెస్టరో, సెమిస్టరో మొదలైన రెండు వారాల్లోపు. మీరు డిసెంబరులో వచ్చి ఇప్పటిదాకా ఇవ్వకపోయి ఉంటే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చూడండి. నిజంగానే. చెప్పే తల్లికో తండ్రికో 45 క్వార్టర్ క్రెడిట్ల కాలేజీ చదువుండాలి, లేదా ఇంటి చదువు మీద ఒక కోర్సు చేసి ఉండాలి, లేదా సర్టిఫికెట్ ఉన్న టీచర్ పర్యవేక్షణ ఉండాలి. డిగ్రీ చేసినవాళ్ళకు మొదటిదే సరిపోతుంది. పదకొండు సబ్జెక్టులు కవరవ్వాలి, ఏడాదికోసారి టెస్టో, సర్టిఫైడ్ టీచర్‌తో అసెస్‌మెంటో చేయించాలి. ఆ కాగితాలు ఇంట్లో దాచుకోండి, రేపు పబ్లిక్ స్కూల్లో ఫుల్‌టైమ్ చేర్చేటప్పుడు అడగొచ్చు.

ఆన్‌లైన్ పబ్లిక్ స్కూళ్ళతో దీన్ని కలపకండి. పిల్ల ఇంట్లో కూర్చుని చదివినా అవి పబ్లిక్ స్కూళ్ళే, అందులో చేరితే మీరు హోమ్‌స్కూలర్లు కారు. వాట్సాప్ గ్రూపుల్లో రెండూ ఒకటేనని రోజుకొకరు చెబుతుంటారు.

ఇక ఆర్కెస్ట్రా. కర్ణాటక వయొలిన్ నేర్చుకుని ఉంటే టీచర్‌కి ముందే చెప్పండి. మనం బాసింపట్టు వేసుకుని వయొలిన్ తలను పాదం మీద ఆనించి వాయిస్తాం. ఇక్కడ కుర్చీలో కూర్చుని గడ్డం కింద పట్టుకోవాలి, శ్రుతి చేసే పద్ధతీ వేరు. మా అమ్మాయికి మొదటి రెండు నెలలు భుజం నొప్పి. గమకం లేకుండా స్వరాన్ని నిటారుగా నిలబెట్టడానికి ఇంకో రెండు నెలలు. క్రిస్మస్ ముందు కచేరీలో వెనక వరసలో కూర్చుంది. ఆ తర్వాతి ఏడాది ముందుకొచ్చింది.

నడిమధ్య పీరియడ్ దొరికితే డ్రైవింగ్ మీకు భారమే. పిల్లను దించి ఇంటికొచ్చేలోపు మళ్ళీ బయల్దేరాలి. వీలైతే మొదటి పీరియడో చివరిదో అడగండి. ఒక్క పీరియడ్ కోసమైనా ఇమ్యునైజేషన్ రికార్డు పూర్తిగా ఇవ్వాలి. మన ప్రభుత్వ టీకాల పట్టికలో చికెన్‌పాక్స్ లేదు, ఇక్కడ అడుగుతారు. ఇండియా టీకా పుస్తకం తీసుకుని ముందే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు బాబు. ఈ విషయంలో ఆలస్యం వద్దు, కటాఫ్ గొడవ దీనికి అడ్డం రాదు. ఐడియా అనే ఫెడరల్ చట్టం ప్రకారం, వైకల్యమో ఎదుగుదలలో ఆలస్యమో ఉందేమోననిపించే పిల్లల్ని వెతికి పరీక్షించే బాధ్యత డిస్ట్రిక్ట్‌దే. చైల్డ్ ఫైండ్ అంటారు. పిల్లవాడు ప్రైవేటు బళ్ళో ఉన్నా సరే, పైసా ఖర్చుండదు. మూడేళ్ళు నిండినప్పటి నుంచే ఇది వర్తిస్తుంది, అంతకన్నా చిన్నవాళ్ళకు ఎర్లీ ఇంటర్వెన్షన్ అని వేరే వ్యవస్థ ఉంది. మామూలు ప్రీస్కూల్‌కి వేలు పోస్తూ, రెండు వీధుల అవతల డిస్ట్రిక్ట్ ఉచితంగా చేసే పరీక్ష సంగతి తెలియని మనవాళ్ళను చాలామందిని చూశాను.

"మా అబ్బాయికి స్పెషల్ ఎడ్యుకేషన్ ఇవాల్యుయేషన్ చేయమని కోరుతున్నాం" అని తేదీ వేసి రాయండి. వాషింగ్టన్‌లో ఆ ఉత్తరం అందిన 25 స్కూలు రోజుల్లో పరీక్షించాలో వద్దో తేల్చాలి, మీరు సంతకం పెట్టాక 35 స్కూలు రోజుల్లో పూర్తిచేయాలి. అవి స్కూలు రోజులని మరచిపోకండి. ఏప్రిల్ చివర్లో రాస్తే వేసవి సెలవులు మింగేస్తాయి. బాబు చదివే బడి వేరే డిస్ట్రిక్ట్ హద్దుల్లో ఉంటే ఆ డిస్ట్రిక్ట్‌కి రాయాలి.

పరీక్ష పిల్లవాడి ఇంటి భాషలో జరగాలని కూడా చట్టంలో ఉంది. మీటింగ్‌లో మీకూ తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు. "మాకు ఇంగ్లీషొచ్చు కదా" అని మొహమాటపడకండి, ఇది మీ ఇంగ్లీషు సంగతి కాదు. వాడికి ఇంగ్లీషు రాకపోవడం ఒకటి, మాటే రాకపోవడం ఒకటి. తెలుగులో గడగడా మాట్లాడుతూ ఇంగ్లీషు క్లాసులో నోరు మెదపని పిల్లవాడికి థెరపీ అక్కర్లేదు. తెలుగులోనూ పలుకు తేలకపోతే కావాలి. అమ్మమ్మతో వీడియో కాల్‌లో ఎలా మాట్లాడుతున్నాడో రెండు మూడు నిమిషాలు రికార్డు చేసి పట్టుకెళ్ళండి. కొత్త మనిషి ముందు అరగంటలో వాడు పలికే నాలుగు ముక్కల కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

పరీక్షలో అవసరం తేలాక చిన్న మెలిక ఉంది. తల్లిదండ్రులు తామై ప్రైవేటు బళ్ళో వేసిన పిల్లలకు, పబ్లిక్ స్కూల్ పిల్లలకున్నట్టు పూర్తి సర్వీసుల హక్కు ఫెడరల్ చట్టంలో లేదు. వాళ్ళకోసం కేటాయించిన డబ్బులో ఎంత వస్తే అంతే. ఇక్కడ మన రాష్ట్ర పార్ట్‌టైమ్ చట్టమే ఆదుకుంటుంది. అందులోని సర్వీసుల వరసలో స్పీచ్, హియరింగ్ థెరపీ పేరు పెట్టి రాసి ఉంది. బాబును పార్ట్‌టైమ్‌గా చేర్చి అడగండి.

మీ పాపకు ఇంకో మూడేళ్ళలో రన్నింగ్ స్టార్ట్ వయసొస్తుంది. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేకుండా చదవొచ్చు. ఇంటి చదువు పిల్లలూ డిస్ట్రిక్ట్ ద్వారా పేరు పెట్టుకుని వెళ్ళొచ్చు. పుస్తకాలు, ప్రయాణం, కొన్ని ఫీజులు మనవే. ఆటల్లోనూ ఇక్కడ ఇంటి చదువు పిల్లలు తాముండే పరిధిలోని బడి టీమ్‌కి ట్రయల్స్ ఇవ్వొచ్చు. అయితే ఇంటి చదువుకు హైస్కూల్ క్రెడిట్లు ఇవ్వాలా వద్దా అనేది చేరే హైస్కూల్ ఇష్టం. ఫుల్‌టైమ్ పంపే ఉద్దేశముంటే తొమ్మిదిలోనే పంపండి, పదకొండులో హఠాత్తుగా కాదు. పీఎస్ఏటీ (ఎస్ఏటీకి ముందు రాసేది), ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి కోర్సులవి) పరీక్షలకు మీ దగ్గరి హైస్కూల్‌లో సీటు ఇస్తారేమో ఎండాకాలం పోకముందే అడగాలి. పీఎస్ఏటీ అక్టోబరులోనే వచ్చేస్తుంది.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు ఇదంతా తమకూ వర్తిస్తుందనుకోవద్దు. చైల్డ్ ఫైండ్ దేశమంతా ఉంది, మిగతాది రాష్ట్రానికొక తీరు. ఫ్లోరిడాలో 1996 నుంచే ఇంటి చదువు పిల్లలు బడి ఆటల్లో చేరొచ్చు. అలా ఆడి పైకొచ్చిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టిమ్ టీబో పేరే ఇలాంటి చట్టాలకు వాడుకపేరైంది. పెన్సిల్వేనియాలో ఆటలు 2006 నుంచి ఉన్నాయి. 2022 చట్టంతో రోజులో పావు వంతు దాకా క్లాసులు కూడా కలిశాయి. జార్జియా 2021లో ఆటలకు తలుపు తీసింది కానీ బడి ద్వారా ఒక కోర్సు తీసుకోవాలని మెలిక పెట్టింది. టెక్సస్‌లో 2021లో డిస్ట్రిక్ట్ ఇష్టానికి వదిలారు. వర్జీనియాలో అలాంటి బిల్లును గవర్నర్ మెకాలిఫ్ వరుసగా వీటో చేశారు. న్యూయార్క్‌లో ఇంటి చదువు పిల్లలకు బడి టీముల్లో చోటు లేదు. న్యూజెర్సీలో చాలావరకు స్థానిక బోర్డు దయ.

వీసా గురించి. బడికీ ఇమిగ్రేషన్‌కీ ముడిపెట్టకూడదని సుప్రీంకోర్టు 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో చెప్పింది, అదీ కాగితాలే లేని పిల్లల విషయంలో. మీ పిల్లలు హెచ్4 మీద చట్టబద్ధంగా ఉన్నారు. పబ్లిక్ స్కూల్లో చదవడం, అక్కడ థెరపీ తీసుకోవడం పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద బతుకుతారన్న అభ్యంతరం) కిందికి రావు. గ్రీన్ కార్డు ఫైల్లో ఈ స్పీచ్ థెరపీ కాగితం మామూలుగా ఎవరూ అడగరు. ప్రమాదం వేరే చోట ఉంది. మంచి ఆర్కెస్ట్రా ఉన్న బడి కోసం స్నేహితుల అడ్రస్ రాసేవాళ్ళు మనలో ఉన్నారు. పార్ట్‌టైమ్‌కైనా సరే మీ సొంత లీజు, మీ కరెంటు బిల్లు మాత్రమే ఇవ్వండి.

వయొలిన్ ఇప్పుడే కొనకండి. పాప ఎదుగుతోంది, సైజు మారొచ్చు. కొన్ని బళ్ళు వాయిద్యాలు అరువిస్తాయి, లేకపోతే నెలవారీ అద్దెకు ఇచ్చే షాపులున్నాయి. ఇంట్లో ఇండియా వయొలిన్ ఉంటే దాని తీగల్ని ఇక్కడి శ్రుతికి బిగించకండి. మా అమ్మాయి బిగించింది, ఒకటి తెగింది.