మహాకాయుల పేర్ల నుంచి పుట్టిన మాటలు

ప్రశ్న: ఆంగ్ల పత్రికలలో కష్టమైన పనిని 'హెర్క్యూలియన్' అనీ, హోరాహోరీ పోరాటాన్ని 'టైటానిక్' అనీ, పెద్ద పొరపాటును 'కొలోసల్' అనీ, తీరని ఆకలిని 'గార్గాంచువన్' అనీ రాస్తుంటారు. నిఘంటువు తిరగేస్తే అన్నింటికీ ఇంచుమించు 'అతి పెద్దదైన' అన్న అర్థమే ఉంది. వీటిని ఒకదానికి బదులు మరొకటి వాడవచ్చునా?

జవాబు: వాడితే వ్యాకరణం అడ్డుచెప్పదు గాని, ఆ భాష బాగా తెలిసినవారి చెవికి అతకదు. ఈ మాటలు ఒక్కొక్కటీ ఒక్కో కథలో నుంచి వచ్చాయి. ఆ కథలోని మహాకాయుడు దేనికి పేరుపడ్డాడో, అతని పేరుమీద పుట్టిన విశేషణం ఇప్పటికీ దానినే అంటిపెట్టుకుని ఉంది.

గ్రీకు పురాణాల వీరుడు హెర్క్యులీజ్ సంగతే చూడండి. యూరిస్థియస్ రాజు ఆజ్ఞ మేరకు అతడు చేసిన పన్నెండు అసాధ్య కార్యాలలో ఆజియస్ పశువులశాలను శుభ్రం చేయడం ఒకటి. ఏళ్ల తరబడి పేడ ఎత్తని ఆ శాలను ఒక్క రోజులో బాగుచేయవలసి వచ్చినప్పుడు, అతడు గోడకు గండి కొట్టి ఆల్ఫియస్, పెనియస్ నదులను లోపలికి మళ్లించాడు. అందుచేత 'హెర్క్యూలియన్' అన్నది పరిమాణాన్ని కాక బలాన్నీ, పడవలసిన శ్రమనూ చెబుతుంది. పనికి, ప్రయత్నానికి ఆ మాట చక్కగా నప్పుతుంది. భవనానికి తగిలిస్తే నవ్వు తెప్పిస్తుంది. మన 'భగీరథ ప్రయత్నం' దీనికి సరిజోడు, అక్కడా నదిని దారికి తెచ్చుకోవడమే కథ.

టైటన్లు ఆకాశానికీ భూమికీ పుట్టినవారు. గ్రీకు దేవతల రాజు జ్యూస్ పక్షాన నిలిచిన దేవతలతో పదేళ్లు యుద్ధం చేసి, ఓడి, పాతాళంలో బందీలయ్యారు. కనుక ఉద్దండులు తలపడిన పోరుకే 'టైటానిక్' తగును. ఓడిపోయినవారి పేరును ఏరికోరి ఒక ఓడకు పెట్టడం, అది 1912 ఏప్రిల్ 15న మునిగిపోవడం వల్ల ఈ మాటకు ఒక చిక్కు వచ్చిపడింది: ఒక వ్యాపార సంస్థను పొగడబోయి ఈ విశేషణం వాడితే, చదివేవారికి ముందుగా మంచుకొండే గుర్తుకువస్తుంది.

'కొలోసల్' మాత్రం అచ్చంగా పరిమాణానికి సంబంధించినది. రోడ్స్ ద్వీపంలో క్రీ.పూ. 280 ప్రాంతంలో సూర్యదేవునికి నిలిపిన 'కొలోసస్' అనే కంచు విగ్రహం ఎత్తు సుమారు 33 మీటర్లు. అరవై ఏళ్లయినా నిలవకుండానే అది భూకంపానికి కూలింది. నేలమీద పడి ఉన్న ఆ విగ్రహపు బొటనవేలిని రెండు చేతులతో చుట్టగలిగినవారు కొద్దిమందేనని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఈ మాట నష్టానికీ, పొరపాటుకూ, కట్టడానికీ ఒకేలా సరిపోతుంది. సందేహం కలిగినచోట దీనినే వాడడం క్షేమం.

ఇక గార్గాంచువా 16వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత రాబ్లే సృష్టించిన రాక్షసకాయుడు. పసివాడిగా ఉన్నప్పుడు అతనికి పాలు పట్టడానికి 17,913 ఆవులు కావలసి వచ్చాయట! అంత కచ్చితమైన లెక్క చెప్పడమే అందులోని హాస్యం. తిండి, ఖర్చు, దురాశ వంటివి హద్దు మీరినప్పుడు 'గార్గాంచువన్' అంటారు. బకాసురుడిని తలచుకుంటే ఈ మాట వాడుక పట్టుబడుతుంది.

ప్రశ్న: 'జగ్గర్నాట్' అన్న మాట జగన్నాథుడి పేరు నుంచే వచ్చిందా?

జవాబు: అవును. పూరీలో పదహారు చక్రాలతో, సుమారు 45 అడుగుల ఎత్తున సాగే జగన్నాథుని రథమే దానికి మూలం. 14వ శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన ఓడరిక్ అనే క్రైస్తవ సన్యాసి, భక్తులు రథచక్రాల కింద పడి ప్రాణాలు అర్పిస్తారని రాసిన వృత్తాంతం ఐరోపా అంతటా పాకింది. తరవాతి యాత్రికులు, ముఖ్యంగా 19వ శతాబ్దపు మిషనరీలు, దానికి మరింత రంగు పులిమారు. ఒడిశా చరిత్ర రాసిన విలియం హంటర్ ఈ ప్రచారాన్ని తోసిపుచ్చినా, అప్పటికే మాట నిఘంటువుకు ఎక్కింది. అడ్డువచ్చిన దానినల్లా తొక్కుకుంటూ పోయే శక్తి అన్నది దాని అర్థం. ఒక దేవుని పేరు ఇలా విధ్వంసానికి పర్యాయపదం కావడం అన్యాయమే గాని, వాడుకలో స్థిరపడిన మాటను వెనక్కు తీసుకోవడం ఎవరి తరమూ కాదు. బ్రిటన్‌లో భారీ లారీలను కూడా ఇదే పేరుతో పిలుస్తారు. కదలని వస్తువుకు, అది ఎంత పెద్దదైనా, ఈ మాట పనికిరాదు.

ప్రశ్న: 'మమ్మత్', 'జంబో' రెండూ ఏనుగు జాతికి చెందినవే కదా, తేడా ఏమిటి?

జవాబు: తేడా మర్యాదలో ఉంది. మమ్మత్ ఏనాడో అంతరించిన జంతువు, కాబట్టి పెద్ద పథకానికీ, బృహత్కార్యానికీ గంభీరంగానే నప్పుతుంది. జంబో మాత్రం 1865లో లండన్ జంతుప్రదర్శనశాలకు వచ్చిన ఒక ఏనుగు పేరు. సర్కస్ యజమాని బార్నమ్ 1882లో దానిని కొని అమెరికాకు తరలించి, ఊరూరా చాటింపు వేయించడంతో ఆ పేరు అమ్మకపు సరుకులకు అంటుకుంది. 1969లో మొదటిసారి గాలిలోకి లేచిన బోయింగ్ 747ను 'జంబో జెట్' అనడమూ ఆ వరసలోదే. ఈ మాటలో కొంత సందడి, కొంత వేళాకోళం ఉన్నాయి. మన పత్రికలు అవసరానికి మించి సభ్యులున్న సంఘాన్ని 'జంబో కమిటీ' అని రాసేటప్పుడు ఆ వేళాకోళాన్ని సరిగానే పట్టుకుంటున్నాయి.