వాగు నీళ్లు తేటగా ఉంటే తాగొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి వన్యప్రాణుల సర్వే పని మీద నల్లమలలో క్యాంపులో ఉంటున్నాడు. అక్కడ వాగు నీళ్లే దిక్కు. "అద్దంలా ఉంటాయమ్మా, గుడ్డలో వడగట్టి తాగుతున్నాం" అంటాడు. నాకేమో టెన్షన్. వాడికి ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, మార్కాపురం

జవాబు: మీ భయం సబబేనమ్మా. అటవీశాఖలో పనిచేసినన్నాళ్లూ నేనూ ఆ వాగుల మీదే బతికాను. ఎంత తేటగా ఉన్నా వాగు నీళ్లను నమ్మకూడదు. ఎగువన దుప్పులు దిగిన మడుగూ, మేతకొచ్చిన పశువుల పేడా అన్నీ అందులోకే వస్తాయి. గుడ్డ నలుసుల్ని ఆపుతుంది గానీ విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిముల్ని ఆపలేదు.

పారే నీటికి కాస్త ఎడంగా ఇసుకలో చెలమ తీయమనండి. మొదట ఊరే బురదనీళ్లు తోడి పారబోస్తే తర్వాత తేటనీళ్లు ఊరుతాయి. వానాకాలం ఎర్రనీళ్లే దొరికితే చిల్లగింజను సానమీద అరగదీసి, ఆ గంధం బిందెలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచాలి. మన్ను అడుగుకు దిగుతుంది. పైనీళ్లు మెల్లగా వంచుకుని వడగట్టాలి. ఇదంతా తేర్చడమే, క్రిములు చావాలంటే మరగాల్సిందే.

ఆవిరి లేవగానే దించేస్తుంటారు కుర్రాళ్లు. అది చాలదు. కళపెళ మరగడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచాలి. నల్లమల ఎత్తుకు అంతే చాలు, 2,000 మీటర్లు దాటిన హిమాలయాల్లో అయితే 3 నిమిషాలు. మూతపెట్టి అదే గిన్నెలో చల్లారనివ్వాలి. మరగబెట్టిన నీళ్లలో చేతి గ్లాసు ముంచితే పడ్డ శ్రమంతా వృథా. వంచే పోసుకోమనండి.

ఎండాకాలం ఆకులు రాలి ఉన్నప్పుడు అడవిలో మంట పెట్టడం ప్రమాదం. అప్పటికి క్లోరిన్ బిళ్లలు దగ్గర పెట్టుకోవాలి. తేటనీళ్లలోనే వేసి, కనీసం అరగంట ఆగి తాగాలి. మొండి క్రిములు ఒకటి రెండు వాటికి లొంగవు, అందుకే నా ఓటు ఎప్పుడూ మరగబెట్టడానికే.

ఇంకో సంగతి తప్పకుండా అడగండి. వాగుకు ఎగువన మిరప, పత్తి చేలున్నాయా? పురుగుమందు ఎంత మరిగించినా పోదు, బిళ్లలకూ పోదు. అలాంటి వాగు జోలికి వెళ్లకుండా, దగ్గర ఊరి మంచినీళ్లు క్యాన్లలో తెచ్చుకోమనండి.