గొంతుకు తగ్గ మైకు

ప్రశ్న: పాట నడుస్తుండగా స్టేజీ మీద నిలబడి, కింద ఆడేవాళ్లకు తర్వాతి అడుగు ఏమిటో ముందే పిలిచి చెప్పడం నా పని. నాది సన్నని గొంతు. ఇప్పుడున్న మైకులో నా మాట చెవుల్లో గుచ్చుకుంటోందని, 'స', 'ష' అన్నప్పుడల్లా బుస్సుమంటోందని అంటున్నారు. సౌండ్ తగ్గిస్తే వెనక వరుసలకు అర్థం కావట్లేదు. కండెన్సర్ మైకు కొనమని సలహా ఇస్తున్నారు. కొనమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. కండెన్సర్ సన్నని శబ్దాలను కూడా శుభ్రంగా పట్టేస్తుంది, స్టూడియోలో అది గొప్ప గుణమే, కానీ మీ ఇబ్బందే ఆ సన్నని శబ్దాలతో. పైగా చాలావాటికి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు తీగ గుండానే వెళ్లే కరెంటు, ఇవ్వాలి.

అసలు సంగతి ఏమిటంటే, మాట స్పష్టంగా వినపడాలని చాలా స్టేజీ మైకుల్లో 4, 5 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో, అంటే మాటకు పదును ఇచ్చే పై శబ్దాల్లో, కావాలనే కాస్త ఎక్కువ పెట్టి చేస్తారు. 1966 నుంచి వస్తున్న షూర్ ఎస్‌ఎం58 కూడా అలాంటిదే. లావు గొంతులకు అది బాగా కలిసొస్తుంది. మీ గొంతులో ఆ పదును ముందే ఉంది, దాని మీద మైకు ఇంకాస్త ఎక్కిస్తే గుచ్చుకోక ఏం చేస్తుంది? అలాగని ఆ పదును బొత్తిగా లేని మైకు తెచ్చుకోకండి, అడుగులు పిలిచేవాళ్లకు హల్లులే ప్రాణం. 'కుడి' అన్నది 'ఉడి'లా వినిపించిందా, సగం మంది అటు, సగం మంది ఇటు తిరిగి ఒకరినొకరు గుద్దుకుంటారు. అందుకని ఆ పెంపు కాస్త తక్కువగా ఉన్న కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునే) డైనమిక్ (ఫాంటమ్ పవర్ అక్కర్లేని) మైకు మీకు సరిపోతుంది.

ఈ రకం మైకుకు నోరు దగ్గరయ్యేకొద్దీ గొంతుకు బేస్ చేరుతుంది. బొంగురు గొంతువాళ్లకు అదో తలనొప్పి గానీ మీకు మాత్రం మందే. రెండు వేళ్ల దూరంలో పెట్టుకుని, నోటికి సూటిగా కాకుండా పెదవుల మూల వైపు కొంచెం వంచి పట్టుకోండి, బుస తగ్గుతుంది, 'ప', 'భ' అన్నప్పుడు గాలి దెబ్బా తగలదు. జాలీని మాత్రం గుప్పిట్లో మూయకండి, స్పీకర్లలో కీచుమని కూత మొదలవుతుంది. ఆడేవాళ్లను చూస్తూ తల తిప్పినప్పుడు చెయ్యి కూడా తలతో పాటు తిరగాలి, ఎందుకంటే దూరం రెండింతలైతే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అది కుదరకపోతే హెడ్‌సెట్ మైకు చూడండి.

సూపర్ కార్డియాయిడ్ అనే రకం కూడా బాగానే ఉంటుంది, కార్డియాయిడ్ కన్నా పక్కల గోల తక్కువ తీసుకుంటుంది. కాకపోతే సరిగ్గా వెనక నుంచి కొంత వింటుంది, కాబట్టి మానిటర్ బాక్సును (స్టేజీ మీద మీకు వినిపించడానికి పెట్టే స్పీకర్‌ను) మైకు వెనక నడిమధ్యన కాకుండా కాస్త పక్కకు జరపాలి.

కొనే ముందు రెండు మూడు మైకులు అడిగి తెచ్చుకుని, మీరు వాడే పాటతోనే, మిక్సర్‌లో ట్రెబుల్, బేస్ నడిమధ్యన పెట్టి పరీక్షించండి. ఇక్కడ మీ చెవిని నమ్మకండి, మన గొంతు మనకు ఎముకల గుండా కూడా వినిపిస్తుంది కదా, అదే మోసం. ఒక స్నేహితురాలిని చివరి వరుసలో కూర్చోబెట్టి, మీరు పిలిచే ఇరవై అడుగులను విన్నవి విన్నట్టు రాయమనండి, ప్రతి మైకుకూ అడుగుల క్రమం మార్చి. ఏ కాగితంలో తప్పులు తక్కువుంటే ఆ మైకు తీసుకోండి. ఇప్పుడున్న మైకును కూడా, పైన చెప్పినట్టు పట్టుకుని, ఈ పరీక్షలో చేర్చండి.