నేరుగా చితాగారానికే అన్న మీ మామగారి మాట గురించి

జయనగర్, బెంగళూరు
ఆదివారం మధ్యాహ్నం

అమ్మాయీ,

నీ మెసేజ్ నాలుగుసార్లు చదివాను. ఫోన్ చేద్దామంటే పక్కనే మీ అత్తగారు ఉంటారు, నువ్వు "ఊఁ, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరంలా రాస్తున్నా. తీరిగ్గా చదువుకుని అల్లుడికీ చూపించు.

మీ మామగారు ఆ కాగితం చదివి వినిపిస్తే అందరూ "ఏం మాటలవి, అశుభం" అని లేచిపోయారట. అలా చేయాల్సింది కాదు. ఎనభై ఒక్కేళ్ళ మనిషి తెల్లకాగితం తీసుకుని, "ప్రాణం పోయాక నేరుగా కరెంటు చితాగారానికి. ఎవరి కోసమూ ఆపొద్దు. పదో రోజు, పదకొండో రోజు ఏమీ వద్దు" అని రాసి సంతకం పెట్టారంటే ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటారో! రేపు కాఫీ ఇచ్చేటప్పుడు పక్కన కూర్చుని "ఎందుకలా అనిపించింది మామయ్యా?" అని అడుగు. ఖర్చు గురించా, మంత్రాల మీద నమ్మకం లేకా, మీకు శ్రమ అవుతుందనా, ఎవరి ఇంట్లోనో చూసిన తంతు నచ్చకా? ఆయన చెప్పేదాన్ని బట్టి మీరు చేయాల్సింది మారుతుంది. మీ పెదనాన్న కూడా ఇలాగే అంటే నేను అడగలేదు. ఆయన పోయాక మా ఆడపడుచు చెప్పింది, తన తండ్రి పన్నెండో రోజున దానాల దగ్గర జరిగిన బేరం చూసి ఆయనకు విరక్తి పుట్టిందని. అడిగి ఉంటే దానాలు మానేసి మిగతావి ఉంచుకునేవాళ్ళం.

మీ మరిది డాలస్ నుంచి పంపిన డైరెక్ట్ క్రిమేషన్ వ్యాసం నువ్వు నాకూ పంపావు కదా, చదివాను. అది అమెరికా సంగతి. అక్కడ మామూలుగా ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు శవం పాడవకుండా మందులు ఎక్కించి, బట్టలు తొడిగి, పెట్టెలో పడుకోబెట్టి, బంధువుల చూపుకు ఉంచుతారు. అక్కడి ఫ్యూనరల్ డైరెక్టర్ల సంఘం 2023 లెక్క ప్రకారం చూపుకు ఉంచి పూడ్చాలంటే మామూలుగా 8,300 డాలర్లు, చూపుకు ఉంచి దహనం చేయాలంటే 6,280 డాలర్లు. అవన్నీ తీసేసి, ఆస్పత్రి నుంచి తిన్నగా దహనానికి తీసుకెళ్ళి బూడిద చేతికివ్వడమే వాళ్ళ డైరెక్ట్ క్రిమేషన్. ఖరీదైన పెట్టె కొంటేనే దహనం చేస్తామని అనకూడదని 1984 నుంచే అక్కడ రూలు ఉంది. కాబట్టి ఆ పద్ధతిలో వాళ్ళకు మిగిలేదంతా మొదటి రోజు ఖర్చే.

మనకు లెక్క తిరగబడుతుంది. ఇక్కడ కార్పొరేషన్ చితాగారంలో రుసుము నామమాత్రం. మొదటి రోజు మనం పెట్టే ఖర్చల్లా వ్యాను, ఫ్రీజర్ బాక్సు, పూలు, వెదురు పాడె. అసలు డబ్బు పోయేది ఆ తర్వాత పది పన్నెండు రోజుల్లో: బ్రాహ్మలు, దానాలు, హాలు, రెండు మూడు వందల మందికి భోజనాలు. అంటే మీ మామగారు ఒకే కాగితంలో రెండు వేరువేరు సంగతులు రాశారు. శరీరాన్ని ఎలా సాగనంపాలి అన్నది ఒకటి, తర్వాత ఇంట్లోవాళ్ళు ఆ పన్నెండు రోజులు ఏం చేయాలి అన్నది ఇంకొకటి. మొదటిది ఆయనిష్టం, అందులో వేలు పెట్టొద్దు. రెండోదాన్ని ఆయన ఒక్కరే తేల్చేస్తే ఎలా? ఆ పన్నెండు రోజులూ గడపాల్సింది మీ అత్తగారు.

నేను ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, రెండు రకాలూ నా కళ్ళతో చూశాను.

2021 మే నెలలో మీ పెద్దమామయ్య కరోనాతో పోయినప్పుడు నీకు గుర్తుందిగా. ఆస్పత్రి వాళ్ళు జిప్పు సంచీలో చుట్టి ఇచ్చారు, మొహం చూపించలేదు. ఊళ్ళో చితాగారాలన్నిటి ముందూ అంబులెన్సుల వరుస. చివరికి తావరెకెరె దగ్గర ఆరుబయట కట్టెల మీద అయింది. మంత్రం లేదు, కొరివి లేదు, నలుగురు మనుషులు లేరు. డైరెక్ట్ అంటే అంతకన్నా డైరెక్ట్ ఏముంటుంది? మీ అత్తయ్యకు ఒక మట్టికుండ, దాని మీద చాక్‌పీసుతో రాసిన నంబరు ఇచ్చారు. ఆమె ఇప్పటికీ అడుగుతుంది, "ఆ కుండలో ఉన్నది ఆయనేనా?" అని. కనీసం ఆమెకు కుండ చేతికొచ్చింది. ఎవరూ తీసుకోని వందల మంది అస్థికల్ని ఆ జూన్‌లో ప్రభుత్వమే మళవళ్ళి దగ్గర కావేరిలో కలిపింది.

తర్వాత రెండేళ్ళకు మీ పెదనాన్న. ఆయన కోరినట్టే చేశాం. తెల్లవారుజామున నాలుగున్నరకు ఆస్పత్రిలో పోతే, తొమ్మిదిన్నరకల్లా విల్సన్ గార్డెన్ చితాగారం. ఇంటికి తీసుకురాలేదు. ఆడవాళ్ళు రాకూడదని ఎవరో గొణిగారు గానీ నేనూ వెళ్ళాను. ఆ జాగా గురించి కొంచెం చెబుతాను, తెలిస్తే నీకు భయం పోతుంది. పెద్ద రేకుల షెడ్డు లాంటి హాలు, గోడకు ఇనప తలుపు, దాని ముందు పట్టాలు. వెదురు పాడెతో సహా ఆ పట్టాల మీద పెడతారు. అంతకు ముందు ఉంగరం, మొలతాడు, కళ్ళద్దాలు తీసి మన చేతికి ఇచ్చేస్తారు. మీ అన్నయ్య గుండె మీద కర్పూరం వెలిగించాడు. తలుపు పైకి లేచింది, లోపల ఎర్రగా ఒక్క క్షణం కనిపించింది, పట్టా లోపలికి జరిగింది, తలుపు దిగింది. అంతే. పొగ లేదు, కపాలమోక్షం చూడాల్సిన పని లేదు. కట్టెల మీదైతే నాలుగైదు వందల కిలోల కట్టె, సగం రోజు కాపలా. మధ్యాహ్నం కుండ తెచ్చి ఇచ్చారు, ఎర్రగుడ్డ కట్టి. కారులో ఒళ్ళో పెట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం మూడు రోజులు నా చీర మీద ఉన్నట్టే అనిపించింది నాకు.

దహనం విషయంలో ఈ రోజుకీ నాకు ఏ బాధా లేదు. బాధల్లా ఒక్కటే. మా ఆడపడుచు మదనపల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి పదకొండుకు మా గేటు దగ్గర దిగింది. చేతిలో తులసిమాల. తాళం వేసిన ఇల్లు చూసి మెట్ల మీదే కూర్చుంది. మేము కుండతో వచ్చేసరికి రెండున్నర. "వదినా, రెండు గంటలు ఆపలేకపోయారా? నా తోడబుట్టినవాడమ్మా" అంది. గట్టిగా ఏడ్చినా బాగుండేది, మెల్లగా అంది. "ఎవరి కోసమూ ఆపొద్దు" అని మీ పెదనాన్న కూడా రాశారు, మేము అక్షరాలా పాటించాం. రాసినాయన వెళ్ళిపోయారు, ఆమెకు జవాబు చెప్పాల్సింది నేను. చెప్పలేకపోయాను. దినాలు తర్వాతైనా పెట్టుకోవచ్చు, తద్దినం ఏటా వస్తుంది. మొహం చూడటం మాత్రం మళ్ళీ రాదమ్మా.

అందుకని మీరు ఏం చేయాలో నాకు తోచింది చెబుతాను. మీ మామగారిని ఇంటికి తీసుకొచ్చి ఒక్క రెండు మూడు గంటలు హాల్లో ఉంచండి. ఫ్రీజర్ బాక్సు కూడా అక్కర్లేదు అంతసేపటికి. స్నానం చేయించి, విభూతి పెట్టి, నోట్లో తులసి నీళ్ళు పోసి, కావలసిన వాళ్ళు కాళ్ళకు దండం పెట్టుకుంటే చాలు. బియ్యం వేయడం, ప్రదక్షిణ, కుండ పగలగొట్టడం అన్నీ చితాగారం దగ్గర అరుగు మీద పది నిమిషాల్లో అవుతాయి. "ఎవరి కోసమూ ఆపొద్దు" అన్న మాటను "డాలస్ నుంచి రావాల్సిన వాడి కోసం రెండు రోజులు ఫ్రీజర్‌లో పెట్టొద్దు" అని అర్థం చేసుకుంటానని ఆయనతోనే చెప్పి ఒప్పించు. మీ మరిదికీ ఇప్పుడే చెప్పెయ్యండి. టికెట్ దొరికి, విమానం దిగేసరికి ఒకటిన్నర రోజు. వాడు వీడియోలో చూస్తాడు. మీ పెదనాన్న దహనం మీ అక్క మెల్‌బోర్న్ నుంచి అలాగే చూసింది. ఫోన్ పట్టుకోవడానికి మనిషి లేక వ్యాను డ్రైవరు పట్టుకున్నాడు పాపం, అతని చెయ్యి వణికి సగం పైకప్పే కనిపించిందట. ఆ పని ఎవరిదో ముందే అనుకోండి.

వాడు వచ్చాక అన్నదమ్ములిద్దరూ కలిసి అస్థికలు కలపొచ్చు. అప్పటిదాకా కుండను ఇంటి బయట చెట్టుకు కట్టి ఉంచడం మనకు ఉన్నదే. ఇక్కడివాళ్ళందరూ వెళ్ళేది శ్రీరంగపట్నం దగ్గర కావేరి ఒడ్డున ఉన్న పశ్చిమవాహిని, మైసూరు దారిలో నూటపాతిక కిలోమీటర్లు. గాంధీగారి అస్థికలు కొన్ని 1948లో అక్కడే కలిపారు. కావాలంటే పిండప్రదానం కూడా ఆ ఒడ్డునే చేయిస్తారు. అక్కడి పురోహితులతో ఎంతో ముందే మాట్లాడుకోండి, లేకపోతే డబ్బుకోసం ఒకరి తర్వాత ఒకరు సంచి పట్టుకొస్తారు.

ఇక మీ అత్తగారి సంగతి. ఆమె వద్దంటున్నదంటావు. ఏది వద్దంటున్నదో అడిగావా? కరెంటు దహనం వద్దా, దినాలు లేకపోవడం వద్దా? మా తరం ఆడవాళ్ళకు లోపల ఇంకో భయం ఉంటుంది, పైకి చెప్పరు. పదో రోజు గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం. మా అమ్మకు చేసింది చూశాను నేను, పన్నెండేళ్ళ పిల్లని. అందుకే మీ పెదనాన్న పోయినప్పుడు ఆ తంతు దగ్గరికి రానివ్వలేదు. మెట్టెలు నేనే తీసి డబ్బాలో పెట్టుకున్నా, బొట్టు చిన్నది పెట్టుకుంటూనే ఉన్నా. మీ అత్తగారు దినాలు కావాలని అనొచ్చు, ఈ ఒక్కటి మాత్రం వద్దనొచ్చు. అంతా కావాలనీ అనొచ్చు, అదీ ఆమె ఇష్టమే. పదకొండో రోజు ఇంట్లో పదిమందికి పప్పూ చారూ వండి పెట్టి, ఆయన ఫొటోకు దండ వేస్తే ఆయన కాగితానికి ద్రోహమేమీ కాదు. మూడు వందల మంది హాలు మాత్రం వద్దు, అది ఊరి కోసం చేసేది.

కాగితాల పని నువ్వే చూసుకో, అల్లుడికి ఆ రోజు చేతులాడవు. ఆస్పత్రిలో పోతే చావు కారణం రాసిన ఫారం నాలుగు వాళ్ళే ఇస్తారు, రిజిస్ట్రేషనూ అక్కడి నుంచే మొదలవుతుంది. ఇంట్లో పోతేనే చిక్కు. ఆయన్ని చూస్తున్న డాక్టరు వచ్చి నాలుగు-ఎ ఫారం రాసివ్వాలి. అది లేనిదే చితాగారంలో ఒప్పుకోరు. ఏ రాత్రి పిలిచినా వచ్చే డాక్టరు ఎవరో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. జారిపడో, ఇంకేదో ప్రమాదం జరిగో పోతే పోలీసు, పోస్ట్‌మార్టం తప్పవు, అప్పుడు మీ రెండు మూడు గంటల లెక్కలన్నీ చెల్లవు. ఆయన ఆధార్, అల్లుడి ఆధార్ జిరాక్సులు నాలుగు చొప్పున ఒక కవర్లో పెట్టు. చితాగారం రసీదు పారేయకు. ఇరవై ఒక్క రోజుల లోపల నమోదు చేయిస్తే రుసుము లేదు. డెత్ సర్టిఫికెట్ ఒకటి చాలదు, బ్యాంకు, పెన్షను, ఎల్ఐసీ అందరూ అడుగుతారు. కార్పొరేషను ఇప్పుడు ఐదు ముక్కలయింది కాబట్టి మీ ఏరియా ఏ ఆఫీసు కిందికొస్తుందో కూడా చూసి ఉంచు.

మరిచాను, మీ మామగారికి పేస్‌మేకర్ ఉంది కదా! అది తీయకుండా లోపలికి పంపకూడదు, ఆ వేడికి పేలుతుంది. ఆస్పత్రిలోనైతే వాళ్ళకు చెప్పి తీయించండి, ఇంట్లోనైతే ఆ డాక్టరుకే చెప్పాలి. కళ్ళ దానం చేస్తానని ఆయన ఎప్పుడో అన్నారన్నావు. అది ఆరు గంటల లోపల జరగాలి, ఇంటికే వచ్చి తీసుకెళ్తారు, పెద్దసేపు పట్టదు. 2021లో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ పోయినప్పుడు వాళ్ళింట్లో వాళ్ళు ఆయన కళ్ళు ఇచ్చారు చూడు. కళ్ళు తీసుకెళ్ళేవాళ్ళ ఫోన్ నంబరు ఫ్రిజ్ మీద అతికించు. కళ్ళు ఇచ్చినా మొహం మామూలుగానే ఉంటుంది, అత్తగారికి ఆ మాట ముందే చెప్పు.

ఈ మధ్య ఒక్క ఫోన్‌తో అన్నీ చూసుకుంటామనే ప్రైవేటు వాళ్ళు వచ్చారు. మనుషులు లేని ఇంటికి వాళ్ళు మంచిదే, నేను తప్పు పట్టను. కానీ వ్యాను ఎంత, పాడె ఎంత, పురోహితుడికి ఎంత అని విడివిడిగా అడిగి రాయించుకో. మాకు ఆస్పత్రి గేటు దగ్గర దొరికిన వ్యానువాడు నాలుగు కిలోమీటర్లకు ఆరువేలు అడిగాడు. ఏడుస్తున్నవాళ్ళు బేరమాడరని వాడికి తెలుసు.

పుణ్యం పోతుందా అని అడిగావు. దానికి నేను పండితురాలిని కాను. మా పురోహితుణ్ణి అడిగితే "కరెంటు నిప్పయినా నిప్పే కదమ్మా, నా మంత్రంలో కట్టె అని లేదు, అగ్ని అనే ఉంది" అన్నాడు. నాకది చాలింది. మీ అత్తగారికి చాలుతుందో లేదో శనివారం వచ్చి చూస్తా. ఆమెతో నేనే మాట్లాడతాను, నువ్వు మధ్యలోకి రాకు. వంటింట్లో ఏదైనా పని పెట్టుకో, నేను పిలిచినప్పుడు కాఫీ పట్టుకురా.

ఇంకొకటి. ఆ కాగితం మీ మామగారు ఇనప బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారన్నావు. అవసరపడే రోజున అది ఎవరు తీస్తారే? నవ్వు రాలేదూ ఆ మాట రాస్తుంటే? ఈ రాత్రే ఆయన్ని అడిగి దానికొక జిరాక్సు తీయించు.

పెద్దమ్మ