బొమ్మలేసిన పిల్లల్ని పిలవండి, పెయింటర్ని తర్వాత

ప్రశ్న: "మా కాలనీ ప్రహరీ గోడ మీద చాలా ఏళ్ళ కింద పిల్లలూ పెద్దలూ కలిసి వేసిన బొమ్మలు వెలిసిపోయి పెచ్చులూడుతున్నాయి. మళ్ళీ వేయించాలా, సున్నం కొట్టేయాలా? ఏ కంపెనీ రంగు మంచిది?"

సున్నం మాట ఎత్తకండి. రంగు కంపెనీ సంగతి చివర్లో చెప్తాను, అదంత పెద్ద విషయం కాదు.

నేను లాస్ ఏంజెలెస్‌లో, శాన్ ఫెర్నాండో వ్యాలీ వైపు ఉంటాను. ఇక్కడ టుహంగా వాష్ అని ఒక వరద కాలవ ఉంది. అడుగూ గోడలూ అంతా కాంక్రీటే. ఆ గోడ మీద 2,754 అడుగుల పొడవున కాలిఫోర్నియా చరిత్రంతా బొమ్మలుగా వేసి ఉంటుంది. గ్రేట్ వాల్ ఆఫ్ లాస్ ఏంజెలెస్ అంటారు. జూడీ బాకా అనే చిత్రకారిణి 1976 ఎండాకాలంలో మొదలుపెట్టించారు. 1983 దాకా, ఐదు ఎండాకాలాల్లో, నాలుగు వందల మందికి పైగా కుర్రకారు చేతులు దాని మీద పడ్డాయి. చాలామంది పోలీసు కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళే. వాళ్ళ చేతికి కుంచె ఇచ్చి, పక్కన చరిత్ర చెప్పేవాళ్ళని పెట్టి, మామూత్ ఏనుగుల కాలం దగ్గర్నుంచి 1950ల దాకా వేయించారు.

మా నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా కృష్ణా పశ్చిమ డెల్టా కాలవల మీదే. ఇక్కడికొచ్చినప్పుడు సాయంత్రం నడకకి అటు తీసుకెళ్ళాను. ఆయన బొమ్మల వంక చూడనే లేదు. "ఇది కాలవంటావేంటే, పాదం తడవదు" అని మొదలుపెట్టి, కంచె పట్టుకుని ముందుకి వంగి ఎదుటి గోడనే చూస్తున్నారు. ఏంటి నాన్నా అంటే, "గోడ వెనక నీళ్ళకి దారి ఎక్కడ పెట్టారా అని" అన్నారు. అక్కడ నిలబెట్టి పాఠం చెప్పారు. వెనక మట్టి నీళ్ళు తాగుతుంది, ఆ చెమ్మ కాంక్రీటులోంచి ఇవతలికి వస్తూ ఉప్పుని మోసుకొస్తుంది, ఆ ఉప్పు రంగుని లోపల్నుంచి తోసేస్తుంది. "ఎండకి వెలుస్తుందమ్మా, అంతే. రాలిపోయేది మాత్రం వెనక నీళ్ళకి."

మీరు పెట్టిన ఫోటో చూడగానే నాకు ఆ మాటే గుర్తొచ్చింది. పెచ్చులు లేచిన చోటే గోడ అవతల పూలమొక్కలున్నాయి, గమనించారా?

సరే, నాన్న సంగతి. కాస్త ముందుకెళ్ళాక ఒక బొమ్మ దగ్గర ఆగారు. ఇళ్ళ మీదికి బేస్‌బాల్ స్టేడియం ఒకటి ఎగిరే పళ్ళెంలా దిగుతూ ఉంటుంది. పక్కనే ఫ్రీవే, అంటే ఇక్కడి పెద్ద రహదారి, కొండచిలువలా మెలికలు తిరిగి ఒక కుటుంబాన్ని విడదీస్తుంటుంది. చావెజ్ రవీన్ అనే చోట మెక్సికన్ కుటుంబాలని 1950లలో ఖాళీ చేయించారు. అక్కడ ప్రభుత్వ ఇళ్ళు కడతామన్నారు, కట్టలేదు. 1962లో డాడ్జర్ స్టేడియం మాత్రం తెరిచారు. నేను ఇంత చెప్పేసరికి ఆయన "నిర్వాసితులన్నమాట" అన్నారు. మళ్ళీ చాలాసేపటికి, "మన పులిచింతల ముంపు ఊళ్ళవాళ్ళకి ఇలాంటి గోడ ఒకటుంటే బావుండేది" అన్నారు. ఆ తర్వాత కాంక్రీటు మాట ఎత్తలేదు.

ఆ గోడకీ మీ గోడకి వచ్చిన రోగమే వచ్చింది. ఎండకి రంగులు తెల్లబారాయి, వరదలకి కింది భాగం దెబ్బతింది. 2011కి మొత్తం బాగుచేశారు. మీకు పనికొచ్చే ముక్క ఏంటంటే, చిన్నప్పుడు ఆ బొమ్మలేసినవాళ్ళలో కొందరు నడివయసులో మళ్ళీ వచ్చి కుంచె పట్టారు. పాత నమూనా బొమ్మలన్నీ బాకాగారి సంస్థ స్పార్క్ దాచి ఉంచింది కాబట్టి ఎక్కడ ఏ రంగో వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆ నమూనాలు, కాగితాలు 2021లో సినిమా దర్శకుడు జార్జ్ లూకాస్ పెట్టిన మ్యూజియం తీసుకుంది కూడా. మీ దగ్గర అప్పటి ఫోటోలైనా ఉన్నాయా? ఎవరి పాత ఫోన్లోనో ఉంటాయి, ముందు అవి బయటికి తీయించండి.

మళ్ళీ రంగేస్తే అసలుది పోతుందనే పెద్దమనుషులు మీ కాలనీలోనూ ఉంటారు. ఇదే ఊళ్ళో, ఒల్వెరా వీధిలో సికేరోస్ అనే మెక్సికన్ మహాచిత్రకారుడు 1932లో వేసిన గోడ చిత్రం ఉంది. రాజకీయం నచ్చక కొన్నేళ్ళలోనే దాని మీద తెల్లరంగు పూసేశారు. పాత కళాఖండాల్ని కాపాడే గెట్టీ సంస్థ వాళ్ళు ఏళ్ళ తరబడి శుభ్రం చేసి, కొత్తగా చుక్క రంగు వేయకుండా 2012లో జనానికి చూపించారు. అక్కడ అది సబబే, ఆ చెయ్యి మళ్ళీ రాదు కదా. కాలనీ పిల్లల బొమ్మకి ఆ నియమం పెడితే మిగిలేది మరకే. తిరునాళ్ళ రథానికి మళ్ళీ రంగులేస్తే పాత రథం పోయిందని ఎవరైనా ఏడుస్తారా?

నా అసలు మంట కాంట్రాక్టర్ల మీద. 1984 ఒలింపిక్స్‌కి ఇక్కడి ఫ్రీవే గోడల మీద బొమ్మలు వేయించారు. అందులో బాకాగారిది కూడా ఉంది, మారథాన్‌లో దూసుకొస్తున్న అమ్మాయి. 2019లో గోడ మీద పిచ్చిరాతలు తుడవడానికి వచ్చిన కాంట్రాక్టర్ మనుషులు దాని మీద కూడా రంగు కొట్టేశారు. అన్నిటికన్నా విచిత్రం, గోడ చిత్రాలకి రాజధానినని చెప్పుకునే ఈ ఊళ్ళోనే 2002 నుంచి 2013 దాకా ప్రైవేటు గోడల మీద కొత్త బొమ్మలు నిషేధం. హోర్డింగుల గొడవలో బొమ్మల్ని కూడా హోర్డింగుల లెక్కలో కట్టేశారు! మన దగ్గర సరే సరి. ఫ్లైఓవర్ స్తంభాలకి టెండరు పిలిచి నెమళ్ళు వేయిస్తారు, మర్నాటికి నెమలి ముక్కు మీద కోచింగ్ సెంటర్ పోస్టరు. అది ఎవరి బొమ్మా కాదు కాబట్టి ఎవరికీ నొప్పి ఉండదు.

కాబట్టి కొటేషన్లు తర్వాత తెప్పించుకోవచ్చు. అప్పుడు బొమ్మలేసిన పిల్లలు ఇప్పుడు ఇంజినీరింగులో ఉంటారు, వాళ్ళకి ఫోన్లు చేయండి. సంక్రాంతి సెలవులకి ఎలాగూ వస్తారు. కొత్తగా వచ్చిన ఇళ్ళ పిల్లలకి కూడా తలో మూర గోడ ఇవ్వండి, రేపు కాపలా కాసేది వాళ్ళే.

ఇక రంగు. బయటి గోడలకి వాడే అక్రిలిక్ ఎమల్షన్ ఏ కంపెనీదైనా పనికొస్తుంది. ముందు పెచ్చులు గీకి, గోడ బాగా ఆరనిచ్చి, ప్రైమర్ పట్టించండి. పైన మెరుపు కోటింగ్ వేద్దామని పెయింటర్ ఊరిస్తాడు, వద్దనండి. చెమ్మ లోపలే చిక్కుకుని పొక్కులొస్తాయి, పైగా కొన్ని రకాలు ఎండకి పసుపు తిరుగుతాయి. ఆ డబ్బుతో గోడ వెనక నీళ్ళు పోయేలా చిన్న కాలవ తవ్వించండి.